కాలువ నీళ్లకు తట్టుకున్న మోటార్లు

2022 జూన్‌లో నేను విజయవాడ ఆటోనగర్‌లోని ఒక చిన్న డ్రోన్ల సంస్థలో నాణ్యతా తనిఖీ అధికారిగా ఉన్నాను. అంతకుముందు బస్సుల వర్క్‌షాపులో అదే హోదాలో పనిచేసి పదవీ విరమణ చేశాను. ఈ సంస్థలో భాగాలు తయారుకావు. మోటార్లు, బ్యాటరీలు, పంపులు బయటినుంచి తెప్పించి, బిగించి, పరీక్షించి అమ్మేవాళ్లం. నా సంతకం పడనిదే ఏ భాగమూ బిగింపు బల్ల మీదికి వెళ్లకూడదన్నది నియమం.

ఆ నెలలో చల్లపల్లి దగ్గరి రైతు సంఘమొకటి పురుగుమందు చల్లే డ్రోనుకు ఆర్డరిచ్చింది. పది లీటర్ల ట్యాంకు, నాలుగు మోటార్లు. ధర ముందే ఖాయమైంది కనుక అన్నీ మేలురకం పెట్టడం కుదరదు. సంఘం అధ్యక్షులు వీరభద్రరావుగారు కెమెరా మాత్రం మంచిది కావాలన్నారు. "బొమ్మ కనపడకపోతే అది డ్రోనెలా అవుతుందండీ?" అన్నది ఆయన వాదన. మా యజమాని సుధాకర్‌గారు ఆయన మాట కాదనలేక కెమెరా, పంపు మేలురకంలోనూ మోటార్లు చౌకరకంలోనూ తెప్పిద్దామని నిర్ణయించారు.

ఆ యంత్రాన్ని నడపవలసిన మనిషి నాగమణి, సంఘం ఉన్న ఊరి కోడలే. డ్రోను నడిపే శిక్షణ పూర్తిచేసి వచ్చింది. సంఘం ఆమెకు ఆ ఒక్క సార్వా పంటకే, అంటే వానాకాలపు వరికే, పని ఇస్తామంది. యంత్రం మధ్యలో మొరాయిస్తే పని మళ్లీ చేతి పంపులతో మందు కొట్టేవాళ్లకే వెళుతుందని అధ్యక్షులు ఆమె ముఖం మీదే చెప్పారు.

రెండు రకాల మోటార్లనూ బల్లకు బిగించి, నిండు ట్యాంకు బరువుకు సరిపడే భారంతో నడిపి చూశాను. ఎత్తే బలంలోగాని, వేడిలోగాని, కంపనంలోగాని లెక్కలోకి వచ్చే తేడా లేదు. "అంకెలే చెప్పాక ఇంకేముంది మూర్తిగారూ, సంతకం పెట్టెయ్యండి" అన్నారు సుధాకర్‌గారు. నేను అంకెలను తప్ప దేన్నీ నమ్మను. అయితే అంకె మనం అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. ఇంకా అడగవలసినదేదో ఉందనిపించి సంతకం ఆపాను.

ఆ వారమే నాగమణి మా దగ్గరికి సాధనకు వచ్చింది. మా దగ్గరున్న నమూనా డ్రోనును నడిపి దించగానే బకెట్ ఎక్కడుందని అడిగింది. తడిగుడ్డతో తుడిస్తే చాలని మా సూచనల పుస్తకంలో ఉన్న మాట చెప్పాను.

"మందు కొట్టిన మిషను తుడిచి తీసుకెళ్తే మా అత్తగారు గడప తొక్కనివ్వదండీ. ఏ పంపైనా కాలువ గట్టున పెట్టి నాలుగు బకెట్లు కుమ్మరించాల్సిందే."

డెల్టాలో మందు పంపును కడగకుండా ఇంటికి తెచ్చేవారు లేరు. విషం ఇంట్లోకి రాకూడదన్నది వారి జాగ్రత్త. కాని అప్పుడే పని ముగించిన మోటారు కాలుతూ ఉంటుంది. చన్నీళ్లు పడగానే లోపలి గాలి ముడుచుకుని, ఒండ్రు కలిసిన నీటిని బేరింగులోకి లాగుతుంది. మేలురకం బేరింగుకు రబ్బరు సీలు ఉంటుంది, చౌకదానికి పలుచని రేకు మూత మాత్రమే.

బందరు కాలువ నీళ్లు డబ్బాలతో తెప్పించి, మోటార్లను రోజూ వేడెక్కించి, తడిపి, మరునాడు మళ్లీ నడిపించాను. వారం తిరిగేసరికి చౌక మోటార్ల కంపనం అనుమతించే హద్దు దాటింది. ఒకటి తిరుగుతూ తిరుగుతూ బిగుసుకుపోయింది. మేలురకం వాటి అంకెలు మొదటి రోజున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. నాలుగు మోటార్ల డ్రోనులో ఒకటి ఆగితే యంత్రం మందుతో సహా కిందపడుతుంది.

"కడగొద్దని పుస్తకంలో పెద్దక్షరాలతో వేద్దాం. కడిగితే వారంటీ లేదందాం" అన్నారు సుధాకర్‌గారు.

"ఆ పుస్తకం నాగమణి అత్తగారు చదవరండీ" అన్నాను.

ఆయన నవ్వారు కాని ఒప్పుకోలేదు. చౌక మోటార్లకు సంతకం పెట్టనని రాతపూర్వకంగా ఇచ్చాను. చివరికి మేలురకం మోటార్లు వచ్చాయి, పంపు, కెమెరా చౌకవి అయ్యాయి. "ఆ పంపు పంట దాటదు. ఫిర్యాదులు మీరే వినండి" అన్న సుధాకర్‌గారి షరతుకు ఒప్పుకుని, పెట్టెలో అదనంగా ఒక పంపు వేయించాను. వీరభద్రరావుగారు తెరలోకి చూసి, "ఇందులో నేనూ, మా గేదే ఒకలాగే ఉన్నామండీ" అని చాలాసేపు నొచ్చుకున్నారు.

సార్వా వరి పొట్టకొచ్చే వేళకు దోమపోటు తగిలింది. నాలుగైదు రోజుల్లో మందు పడకపోతే చేను నిలువునా ఎండిపోతుంది. ఆ హడావుడిలో ఒక ఉదయం నాగమణి ఫోన్ చేసింది.

"మీ పంపు చచ్చిందండీ! మా తూనీగకి జలుబు చేసిందని గట్టుమీద అందరూ ఒకటే నవ్వు."

యంత్రం ఎక్కడుందని అడిగాను.

"నా కాళ్ల దగ్గరే ఉందండీ. మందు రాలట్లేదని దించేశా. రెండో పంపు బిగించేశా. మళ్లీ ఇట్టాంటి బొమ్మపంపు పంపించారంటే ఆటోనగరొచ్చి మీ బల్లమీదే పడేస్తా."

మోటార్ల సంగతి అడిగాను.

"వాటికేం రోగం? నిన్న కూడా కడిగాగా."

మాట ముగిసేలోపే వెనకనుంచి రెక్కల హోరు వినిపించింది. ఆ పంటలో పంపు మరోసారి కూడా మార్చవలసి వచ్చింది, దాన్ని మేమే పంపాం. మోటార్లను విప్పవలసిన అవసరం రాలేదు. ఆ తరువాతి పంట దాళ్వాకు కూడా సంఘం నాగమణికే పని ఇచ్చింది.

ఆ తరువాత నేను ఉద్యోగం మానే వరకు ప్రతి భాగానికీ రెండు పరీక్షలు పెట్టాను. అది చెడితే యంత్రాన్ని క్షేమంగా దించగలమా అన్నది మొదటిది. వాడేవాళ్లు పని ముగిశాక దాన్ని ఏం చేస్తారన్నది రెండవది. దించలేమని తేలినచోట చౌకరకానికి సంతకం పెట్టలేదు. దించగలిగినచోట మేలురకం అడగలేదు.