మేకుకు మిగిలిన సద్దిమూట

నా భర్త రాతి క్వారీలో తూటా పేలినప్పుడు ఎగిరొచ్చిన రాయి తగిలి పోయాడు. ఆ తర్వాతే అక్కడ గేటు గది కట్టారు, లోపల బిళ్ళల చెక్క పెట్టారు, నలభై దాటిన నన్ను దాని ముందు కూర్చోబెట్టారు. ఎనభైలలో సంగతి. భద్రాచలం రోడ్డు మీద అడవి మొదలయ్యే చోట ఉండేది ఆ క్వారీ. నేను బడికి పోయింది తక్కువ. వడ్ల మిల్లులో పని చేసినప్పుడు కాటా పక్కన నిలబడి చూసి చూసి లెక్కలు నేర్చుకున్నాను.

చెక్కకు వరుసగా మేకులుండేవి. క్వారీ జీతగాళ్ళకు ఇత్తడి బిళ్ళలు, కాంట్రాక్టు కూలీలకు రేకు బిళ్ళలు, లారీవాళ్ళకూ చూడవచ్చిన వాళ్ళకూ ఎర్ర రంగు వేసిన కర్ర బిళ్ళలు. పోయేటప్పుడు తీసుకోవాలి, వచ్చేటప్పుడు ఇవ్వాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి లోపల ఉన్నట్టు. యజమాని బామ్మర్ది ఒకసారి "నాక్కూడా బిళ్ళేనా?" అని నవ్వాడు. "తూటాకు మీరెవరో తెల్వదు సార్" అని కర్ర బిళ్ళ చేతిలో పెట్టాను.

తూటాలు పేల్చేది మధ్యాహ్నం, అందరూ తిండికి బయటికి వచ్చినప్పుడు. మేకులన్నీ నిండాక నేను గట్టెక్కి పచ్చ జెండా ఊపాలి. లోపల ఉండేది బిళ్ళ లేని తూటాల మనిషి ఒక్కడే, దూరం నుంచి అది చూసి వత్తి అంటిస్తాడు. ఊపాక ఇక వెనక్కి తీసుకునేది లేదు. రోజూ ఆ జెండా కర్ర పట్టుకోగానే భయం వేసేది. లెక్క తప్పితే అంత భయం ఉండదు, వెతుకుతాం కదా. సరిపోయినప్పుడే భయం.

ఆ ఎండాకాలం కొత్త కూలీల ముఠా ఒకటి వచ్చింది. తక్కినవాళ్ళు ఎవరి బిళ్ళ వాళ్ళే ఇచ్చేవాళ్ళు. వీళ్ళవి మాత్రం మేస్త్రి దండలాగా దారానికి గుచ్చి తెచ్చేవాడు, ముఠా అతని వెనకే గుంపుగా వచ్చేది. ఆ రోజు కూడా దండ నా బల్ల మీద పెట్టి, "నీ పిల్లలందరు ఇల్లు చేరిన్రు అక్కా, ఎంచుకో" అన్నాడు. ఒక్కొక్కటే మేకుకు వేశాను. చెక్క నిండింది.

జెండా తీసుకుని వసారాలోకి వచ్చాను. లోపల దుమ్ము పడుతుందని కూలీలు పొద్దున్నే సద్దిమూటలు నా వసారా గోడ మేకులకు తగిలించి పోయేవాళ్ళు. అందరూ ఎవరి మూట వాళ్ళు తీసుకుని చెట్ల కింద కూర్చున్నారు. గోడకు ఒక్క మూట మిగిలింది. నీలం లుంగీ ముక్కలో కట్టింది.

"ఇది ఎవరిది?"

"గా డ్రిల్లు కొట్టేటాయనది. నా మూట పక్కనే తగిలిచ్చిండు" అంది ముఠాలోని ఒకామె.

"పెండ్లాం మీద అలిగి అన్నం మానేసిండేమో" అన్నాడు మేస్త్రి. అందరూ నవ్వారు.

"ఆయన ఏడి?"

నవ్వు ఆగిపోయింది. చెట్ల కింద అటూ ఇటూ వెతికారు, ఆయన లేడు.

"ఆయన బిళ్ళ నీకెప్పుడిచ్చిండు?" అని మేస్త్రిని అడిగాను.

"పొద్దుగాల్నే. అందరియి నా మొలతాడుకే ఉంటయి. బిళ్ళ పోతే కూలి పైసల కోత పడ్తదని..."

కోస్తా నుంచి వచ్చిన మేనేజరు గబగబా గేటు దగ్గరికి వచ్చాడు. "బిళ్ళలన్నీ ఉన్నాయి కదండీ, ఇంకేంటి? రోడ్డుకి రెండు పక్కలా బస్సులు ఆపేశాం. మందు కూరి ఇంతసేపు ఉంచకూడదు."

ఆయన చెప్పిందీ నిజమే. "మూట ఉంది సార్. మనిషి ఏడున్నడో ఎరుకైనంకనే జెండా" అన్నాను. ఎవరైనా లాక్కుంటారేమోనని జెండా చుట్టి దాని మీదే కూర్చున్నాను. అప్పుడు గట్టు మీద చూస్తే, ముఠాలో ఒకామె కొంగుతో మొహం తుడుచుకుంటోంది. పచ్చ చీర. తూటాల మనిషికి అంత దూరం నుంచి ఏది చీరో ఏది జెండానో ఎట్లా తెలుస్తుంది?

"అమ్మా, దిగు. జల్దీ దిగు."

ఆమె ఎందుకో తెలియకుండానే దిగింది.

"నేను పోతా" అన్నాడు మేస్త్రి. అతని బిళ్ళ అతని చేతికిచ్చాను. మందు కూరిన గుంతలోకి పేరు పెట్టి పిలుస్తూ దిగాడు. కొంతసేపు పిలుపు వినిపించింది, తర్వాత అదీ లేదు. చెక్క మీద ఆ ఒక్క ఖాళీ మేకునే చూస్తూ కూర్చున్నాను. నా భర్త పోయిన రోజు కూడా ఎండ ఇట్లాగే ఉంది.

చివరికి ఇద్దరూ కనిపించారు. అంత ఎండలోనూ ఆ మనిషి గోనెసంచి కప్పుకుని పళ్ళు కొట్టుకుంటూ, మేస్త్రి భుజం మీద వాలి నడుస్తున్నాడు. చలిజ్వరం. రాళ్ళకుప్ప నీడన పడుకుని తెలివి తప్పాడట. "సద్ది వద్దు చెల్లే, నీళ్ళియ్యి" అన్నాడు నాతో.

మేస్త్రి బిళ్ళ మేకుకు వేసి, అందరినీ కళ్ళతో మళ్ళీ చూసుకుని, జెండా ఎత్తాను. నేల అదిరింది.

దుమ్ము తగ్గాక మేస్త్రి తిండి మానుకుని ఆ రాళ్ళకుప్ప దాకా పోయి వచ్చాడు. మొలతాడుకున్న దారం విప్పి నా బల్ల మీద పెట్టాడు. "రేపటి సంది ఎవరిది వాళ్ళకే ఇయ్యి అక్కా."

సాయంత్రం ఆ మనిషి భార్య దవాఖానాకు పోతూ గేటు దగ్గర ఆగింది. మూట అప్పటికీ మేకుకే ఉంది, దాన్ని ముట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు. తనే తీసుకుని చేత్తో బరువు చూసింది.

"ఒక్క ముద్దన్న తినలేదు, చూడు" అంది.

"జ్వరం కదమ్మా" అన్నాను.