విచారణకు వచ్చినాయన తాగిన నీళ్ళు

మా వీధి కొళాయిలో మోరీలోని మురుగునీళ్ళు కలుస్తున్నాయని నేను ఇచ్చిన అర్జీ మీద విచారణ జరిగింది. ఆ విచారణ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మాది కర్నూలుకు పడమటి దిక్కున ఒక చిన్న మున్సిపాలిటీ. రోజు మార్చి రోజు నీళ్ళు వదులుతారు. పైపు మోరీలోంచే పోతుంది, అందులో ఎక్కడో పగిలింది. నీళ్ళు రాని రోజు మోరీ మురికి పైపులోకి దిగుతుంది. వచ్చిన రోజు మొదటి బిందెలు పచ్చగా ఉంటాయి. తర్వాతి బిందెలు కంటికి బాగానే కనబడతాయి గానీ ముక్కును మోసం చెయ్యలేవు. ఏళ్ళ తరబడి మేము వాటినే కాచి వడపోసుకుని తాగాం. అలవాటైన కష్టం మీద ఎవరూ అర్జీ పెట్టరు.

ఆ వేసవిలో మా చెల్లెలు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. వాంతులు తగ్గకపోవడంతో ఐదో నెలలోనే వచ్చేసింది. ఆమె అత్తగారిది రాజంపేట. వచ్చిన కొద్ది రోజులకే పక్కింటామె కామెర్లతో ఆస్పత్రిలో పడింది. చెల్లెల్ని చూపించడానికి పోయినప్పుడు డాక్టరమ్మ మా వీధి నీళ్ళ సంగతి విని మొహం మార్చింది. కడుపుతో ఉన్న మనిషికి మురికి నీళ్ళతో వచ్చే ఈ కామెర్లు తగులుకుంటే తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయమని, తాగే నీళ్ళే కాదు, పళ్ళు తోముకునేవీ గిన్నెలు కడిగేవీ కూడా మంచివే ఉండాలని చెప్పింది. ఆ రోజు నుంచి చెల్లెలికని నీళ్ళ క్యాను కొనడం మొదలుపెట్టాం. ఆ క్యాను మీద మా అమ్మ ఇంకొకరి చెయ్యి పడనిచ్చేది కాదు. కానీ ఇంటెడు గిన్నెలకూ స్నానాలకూ క్యాన్లు కొనే తాహతు మాకు లేదు. అయినా కొళాయి పన్ను కట్టేవాడు నీళ్ళు కొనుక్కోవడమేమిటి?

ముందు మున్సిపాలిటీకి పోయి, మా వార్డు పైపులు చూసే ఇంజనీరుకు నోటితో చెప్పాను. చూస్తామన్నాడు. చూడలేదు. రెండోసారి పోతే సీట్లో లేడు. అప్పుడు నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి, బస్సెక్కి, సోమవారం అర్జీలు తీసుకునే జిల్లా ఆఫీసుకు పోయాను. అక్కడ మర్యాదకు లోటు లేదు. కూర్చోమన్నారు, అర్జీ తీసుకున్నారు, నంబరు వేసిన చీటీ ఇచ్చారు. పైవాళ్ళకు చెప్పుకున్నాం కదా, ఇంక పైనుంచి ఎవరో ఒకరు వస్తారని మా అమ్మ ధైర్యం తెచ్చుకుంది. పైకి పోయిన అర్జీ పైన ఉండదని నాకప్పుడు తెలియదు. అది ఒక్కో మెట్టే దిగి, మున్సిపాలిటీకి వచ్చి, చివరికి మా వార్డు ఇంజనీరు బల్ల మీదికే చేరింది. ఫిర్యాదు ఆయన మీద, విచారించేదీ ఆయనే. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలని పెద్దలు అడిగారు. కంచెతోనే చెప్పుకోవాలట.

ఆయన మిట్టమధ్యాహ్నం వచ్చాడు. వెంట ఫోటో తీసే మనిషి ఒకడు. ఇంజనీరు చిన్న వయసువాడే. ఎండకు మొహం కందిపోయి, చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. మా అమ్మ కుర్చీ తుడిచి వేసి, లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. చెల్లెలి క్యానులోవి. ఆయన గటగటా తాగాడు. వెంట వచ్చినవాడు ఫోటో తీశాడు. వచ్చినట్టు రుజువు కోసమేమో అనుకున్నాను. అది నీళ్ళొచ్చే వేళ కాదు. ఆయన ఎండిన కొళాయిని ఒకసారి తిప్పి చూసి, మోరీ వైపు కన్నెత్తి కూడా చూడకుండా బండెక్కి పోయాడు.

ఆ వారంలోనే నా ఫోనుకు సందేశం వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడినది అని. మున్సిపాలిటీకి పోయి గొడవపడి నివేదిక తీయించి చదివాను. ‘అర్జీదారుని ఇంట తాగునీటిని స్వయముగా త్రాగి పరిశీలించడమైనది. రంగు, వాసన లేవు. అర్జీదారు సంతృప్తి చెందినారు.’ కింద సాక్ష్యంగా ఫోటో. మా అమ్మ ఇచ్చిన చెంబు ఎత్తి తాగుతున్న ఆయన, పక్కన చేతులు కట్టుకుని నేను, నిజంగానే సంతృప్తి చెందినవాడిలా.

ఇంటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాను. వాడికి నీళ్ళెవరు ఇమ్మన్నారు, ఇచ్చేదేదో కొళాయి నీళ్ళే ఇచ్చి ఉంటే వాడికే తెలిసొచ్చేది కదా అని అరిచాను. నా కోపం ఆమెకు అర్థమే కాలేదు.

“ఎండన పడి ఇంటికొచ్చినోనికి నీళ్ళియ్యకుండా ఎట్లుంటాం రా? ఇచ్చేది మంచివి ఇయ్యాల గదా,” అంది.

మా సీమలో ఇది అందరికీ ఉన్న రోగమే. మేము ఏం తాగినా సరే, ఎవరైనా గడప తొక్కితే ఉన్నవాటిలో మంచి నీళ్ళు వాళ్ళకు పోస్తాం. కరువు చూసిన నేల ఇది. అన్నం పెట్టలేదంటే సర్దుకుంటారు గానీ నీళ్ళివ్వలేదంటే తరాల పాటు చెప్పుకుంటారు. ఆ మర్యాదనే సాక్ష్యంగా చూపించి మా నోరు మూశారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఏమిటో పిల్లలకు పాఠంలో చెప్పడమే తప్ప, నేను కళ్ళారా చూసింది అప్పుడే.

మళ్ళీ సెలవు, మళ్ళీ బస్సు, మళ్ళీ అర్జీ. ఈసారి నీళ్ళొచ్చే వేళకు, వేరే అధికారిని పంపమని రాశాను. అడిగిన రెండిట్లో ఒకటి దక్కింది. నీళ్ళొచ్చే వేళకే వచ్చారు. వచ్చింది మాత్రం ఆయనే.

నేను కాచుకుని ఉన్నాను. ఆయన కూర్చోగానే కొళాయి కింద గాజు గ్లాసు పట్టి, తెచ్చి చేతిలో పెట్టాను. పోయినసారి తాగి బాగున్నాయని రాశారు కదా, ఇప్పుడూ తాగి రాయండి అన్నాను. ఆయన గ్లాసులోకి చూశాడు. నా మొహం చూశాడు. రోషమో ఏమో, గ్లాసు పైకెత్తాడు. తాగేవాడే. అంతలో మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఆయన చేతిలో గ్లాసు లాక్కుని, నీళ్ళు వాకిట్లో పారబోసింది.

“నీకొద్దు నాయనా. ఆ పొద్దు నువ్వు తాగినవి కడుపుతో ఉండే నా బిడ్డకు కొన్న నీళ్ళు. ఇవి నీకు పోస్తే నాకు పాపం తగులుతాది,” అంది. ఖాళీ గ్లాసు కొళాయి వైపు చూపిస్తూ, “ఇవే నీళ్ళు నా బిడ్డకు పోస్తాండారే, మీకు తగలదా?” అని అడిగింది.

ఆమె గొంతు పెంచలేదు. అంతదాకా నా మొహంలోకి సూటిగా చూస్తున్న మనిషి తల దించుకున్నాడు. పైపు సంగతి తనకు ముందు నుంచీ తెలుసని అప్పుడు ఒప్పుకున్నాడు. వీధి పొడుగునా మార్చాలని అంచనా వేసి పంపితే పైవాళ్ళు తిప్పి పంపారని, ఈలోగా గడువు దాటిన ఫిర్యాదు ఒక్కటి మిగిలినా తననే సంజాయిషీ అడుగుతారని చెప్పాడు. “నా చేతిలో ఏముండాదన్నా,” అన్నాడు. జాలిపడవలసిన మాటే. నేను పడలేదు. తెలియక రాసినవాణ్ణి క్షమించవచ్చు. తెలిసి, మా ఇంట్లో మంచి నీళ్ళు తాగిపోయి అబద్ధం రాసినవాణ్ణి ఎందుకు క్షమించాలి? చేతిలో ఏమీ లేదన్నాడు గానీ, కలం ఉండింది.

రెండో నివేదికలో నిజమే రాశాడు. పైపు పాడైన మాట వాస్తవమని, మార్చడానికి ప్రతిపాదనలు పంపామని. ప్రతిపాదనలు పంపారు కాబట్టి సమస్య పరిష్కారమైనట్టేనని పైవాళ్ళు దాన్నీ మూసేశారు. అబద్ధం రాసినా మూతే, నిజం రాసినా మూతే.

ఈ తిరుగుళ్ళలో చెల్లెలికి ఏడో నెల నిండవచ్చింది. ఎనిమిదో నెల పడితే మావైపు ప్రయాణం చేయించరు. రాజంపేట నుంచి ఆమె అత్తగారు ఫోను చేసి, తమ బోరు నీళ్ళు బాగున్నాయని, అమ్మాయిని పంపిస్తే తామే చూసుకుంటామని అంది. ఒక్క ఎత్తిపొడుపు మాట లేదు. ఎత్తిపొడిచి ఉంటే బాగుండేది, నేను నాలుగు మాటలు అని ఉండేవాణ్ణి. తొలి కాన్పు పుట్టింటివాళ్ళు చెయ్యాలి. అది మా అమ్మ తన చేతులతో చెయ్యాలని ఏళ్ళుగా అనుకున్న పని. పుట్టబోయే బిడ్డకని తన పాత నూలు చీరలు చించి సిద్ధం చేసుకున్న పొత్తిగుడ్డలన్నీ మూటగట్టి చెల్లెలి చేతికిచ్చింది. ఏడవలేదు. నాకే ఆ మున్సిపాలిటీ మెట్ల మీద నిలబడి ఏడవాలో తన్నాలో తెలియలేదు.

చెల్లెల్ని దింపి వచ్చిన మరునాడు ఫోను మోగింది. రికార్డు చేసిన ఆడగొంతు. మీ ఫిర్యాదు పరిష్కారంతో సంతృప్తి చెందితే ఒకటి, లేకుంటే రెండు నొక్కండి అంది. రెండు నొక్కితే ఏమవుతుందో నాకు తెలుసు, మళ్ళీ ఆయనే వస్తాడు. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. అంకెలు తప్ప ఇంకేమీ వినపడని గొంతు అది, మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఎవరని అమ్మ అడిగింది. సమస్య తీరిందా అని మున్సిపాలిటీవాళ్ళు అడుగుతున్నారని చెప్పాను.

అమ్మ చెల్లెలి మంచం ఎత్తి గోడకు ఆనిస్తోంది.

“తీరిందని చెప్పు,” అంది. “బిడ్డను పంపించేస్తిమి గదా. ఇంక ఆ నీళ్ళు తాగేది మనమే.”