ఉపవాసంలో కంటి మందు

2014లో నన్ను విడవలూరు మండలంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి బదిలీ చేశారు. నా హోదా పారామెడికల్ ఆఫ్తాల్మిక్ ఆఫీసర్. పేరు పొడుగే గాని అధికారం పొట్టి. చూపు కొలవడం, అద్దాల నంబరు రాయడం, బడి పిల్లల కళ్ళు పరీక్షించడం, శుక్లాలున్నవాళ్ళను ఆపరేషనుకు నెల్లూరు పంపడం నా పని. జబ్బు నిర్ధారించి మందు రాసేది కంటి డాక్టరు. ఎవరిని ఎంత తొందరగా ఆ డాక్టరు దగ్గరికి పంపాలో తేల్చుకోవడమే మా ఉద్యోగంలో అసలు బాధ్యత. ఊళ్ళో వాళ్ళకు ఈ తేడాలు పట్టవు, "కళ్ళ డాక్టరమ్మ" అనేవారు. మొదట్లో కాదు కాదని చెప్పేదాన్ని. తర్వాత విసుగొచ్చి మానేశాను.

ఆ ఏడాది వానలు తగ్గాక సుందరరావు గారు మా గదికి వచ్చారు. వచ్చారనడం కంటే, ఆయన భార్య కరుణమ్మ పట్టుకొచ్చిందనడం సబబు. ఆయనకు యాభై దాటాయి. సముద్రం ఒడ్డు పల్లెలో టైలరు, పైగా అక్కడి చర్చిలో సంఘ పెద్ద. మెడలో కొలతల టేపు తీయకుండానే ఆసుపత్రికి వచ్చేశారు. కరుణమ్మ చెప్పిన ఫిర్యాదు నేనంతవరకు ఎక్కడా వినలేదు.

"ఈయనకి పొగరు పట్టిందని అందరూ అంటుండారు మేడమ్. చర్చిలో పక్కన నిలబడి 'వందనాలయ్యా' అంటే పలకడు. ఇంట్లో చూస్తే గడపకి తట్టుకుంటాడు, నీళ్ళ చెంబు తన్నేస్తాడు. కళ్ళు చూపించుకోమంటే నామీద ఎగరతాడు."

"నా కళ్ళకేంది?" అన్నారాయన. "సూదిలో దారం ఒక్క దఫాకే ఎక్కిస్తా. ఈమె చెంబులన్నీ దారిలో పెట్టి నన్నంటాది."

ఆయన అన్నది అబద్ధం కాదు. గోడమీది అక్షరాల బోర్డులో అట్టడుగు వరస గడగడా చదివేశారు. చత్వారం అద్దాలు పెడితే సన్న అక్షరాలు కూడా తప్పుల్లేకుండా చదివారు. చాలాచోట్ల పరీక్ష ఇక్కడితో ముగుస్తుంది, మనిషి సంతోషంగా ఇంటికి పోతాడు. కాని గడప, చెంబు, పలకని వందనాలు, ఈ మూడూ నాకు మరో పరీక్షను గుర్తుచేశాయి. దానికి పరికరమేమీ అక్కర్లేదు. రోగి, నేను ఎదురెదురుగా మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంటాం. ఆయన ఒక కన్ను మూసుకుని రెండో కంటితో నా కన్నే చూస్తుండాలి. నేను చెయ్యి పక్కకు చాచి, వేలు ఆడిస్తూ మెల్లగా లోపలికి తెస్తాను. నాకు వేలు కనబడినప్పుడు ఆయనకూ కనబడాలి.

కుడికంటితో చూస్తున్నప్పుడు నా వేలు దాదాపు మా ఇద్దరి మధ్యకు వచ్చేదాకా ఆయన ఏమీ అనలేదు. ఎడమకన్ను కొంత నయం. కరుణమ్మ గోడ దగ్గర నిలబడి ఇదంతా చూస్తోంది. ఉన్నట్టుండి చెయ్యి పైకెత్తి, "నేను కనపడతుండానా?" అని అడిగింది. ఆయన తల తిప్పబోయారు. "తల తిప్పకుండా చెప్పు" అంది. ఆయన చెప్పలేకపోయారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొగరు అని ఊరంతా పేరు పెట్టింది దేనికో ఆ క్షణంలో ఆమెకు తెలిసిపోయింది.

మంచం మీద పడుకోబెట్టి, కంటికి తిమ్మిరి చుక్కలు వేసి, టోనోమీటరు పెట్టాను. కంటిలోపలి ఒత్తిడిని కొలిచే చిన్న పరికరమది. ఒత్తిడి ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువగా ఉంది. వెంటనే నెల్లూరు పంపాను. అక్కడి డాక్టరుగారు కంటి వెనకుండే చూపు నరాన్ని చూసి, పక్కచూపు కొలిచే యంత్రం ముందు కూర్చోబెట్టి, నీటికాసులని తేల్చారు. గ్లాకోమా అన్నా అదే. కంట్లో ఒక పల్చటి ద్రవం ఎప్పుడూ ఊరుతూ, ఎప్పటికప్పుడు బయటికి పోతుంటుంది. తూము పూడిన రొయ్యల గుంటలాగా అది పోయే దారి మందగిస్తే ఒత్తిడి పెరిగి, చూపు నరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుంది. చాలామందిలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. ముందు పక్కచూపు పోతుంది, నట్టనడిమి చూపు చివరిదాకా నిలుస్తుంది. అందుకే సూదిలో దారం ఎక్కుతుంది, కాలికింద చెంబు కనపడదు.

ఆయన కుడికంట్లో మిగిలింది గొట్టంలోంచి చూసినంత చూపే. ఎడమకంట్లో సగానికి పైగా ఉంది. ఆయన కత్తెర పట్టాలన్నా, సైకిలెక్కాలన్నా ఇక ఆ ఎడమకన్నే ఆధారం. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చుక్కలు వేసుకోవాలన్నారు. తిరిగొచ్చాక నేను ఇంకోసారి విడమరిచి చెప్పాను: పోయింది రాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికే ఈ మందు. ఎన్నాళ్ళు వేసుకోవాలని అడిగారు. బతికున్నన్నాళ్ళూ అన్నాను. తలూపి వెళ్ళిపోయారు.

తర్వాత ఆయనంత క్రమశిక్షణ గల రోగిని నేను చూడలేదు. పిలిచిన రోజుకు వచ్చేవారు. కొలిచిన ప్రతిసారీ ఒత్తిడి అదుపులోనే ఉండేది. అయినా నెల్లూరులో ఏటా చేసే పక్కచూపు పరీక్షలో ఎడమకన్ను ఏటికేడాది తగ్గుతూ వచ్చింది. డాక్టరుగారు నాకు ఫోన్ చేసి, మీ మనిషి మందు వేసుకుంటున్నాడో లేదో కనుక్కోండి అన్నారు. అడిగాను. "వేసుకుంటుండా మేడమ్" అన్నారు సుందరరావు గారు. అబద్ధమాడే మనిషి కాదు. ఒత్తిడి బాగుంది, మందు పడుతోంది, చూపు మాత్రం పోతోంది. ఇలాగే పోతే ఆపరేషన్ ఆలోచించాలని డాక్టరుగారన్నారు. నాకు దిక్కు తోచలేదు.

ఆయన వేసవి పరీక్ష ఎప్పుడూ ఈస్టరు అయ్యాక పడేది. ఆ ఏడు నాకు ఆ రోజుల్లో వేరే డ్యూటీ వేయడంతో, ఆయన్ను ముందుగా మార్చిలోనే రమ్మన్నాను. మధ్యాహ్నం వచ్చారు, కరుణమ్మ కూడా వచ్చింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఎండకు కాబోలనుకున్నాను. ఎప్పటిలాగే పడుకోబెట్టి, తిమ్మిరి చుక్కలు వేసి, టోనోమీటరు పెట్టాను. చూస్తే ఒత్తిడి మొదటిరోజు ఎంత ఉందో అంత ఉంది. నమ్మలేక రెండోసారి కొలిచాను. అంతే ఉంది.

నేను నోరు తెరిచేలోగా ఆయన మంచం దిగి, గబగబా వరండాలోకి పోయి, కుళాయి దగ్గర ఉమ్మడం మొదలుపెట్టారు. ఒకసారి కాదు, గొంతు గీరుకుపోయేలా మళ్ళీ మళ్ళీ ఉమ్మారు. వాంతేమోనని నేను వెనకాలే పరుగెత్తాను.

"మింగకుండా ఆపుకుంటాలే అనుకున్న్యా, చేదు గొంతులోకి దిగిపోయింది మేడమ్" అన్నారు. కళ్ళనిండా నీళ్ళు. "నా ఉపవాసం పోయింది."

అది లెంటు కాలం, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు. ఆ నలభై రోజులూ ఆయన పొద్దున్నుంచి సాయంత్రం ప్రార్థన దాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరట. నాకు విషయం అర్థమైంది. మరి పొద్దున చుక్క సంగతేమిటని అడిగాను. కరుణమ్మే చెప్పింది.

"ఉపవాసం రోజుల్లో పొద్దుటిది వెయ్యడు. రాత్రిది వేసుకుంటాడు. ఒక్క లెంటులోనే కాదు మేడమ్, ఏడాది పొడుగునా శుక్రవారాలు కూడా అంతే."

"మరి నాకు వేసుకుంటున్నానని చెప్పినారే?" అన్నాను. గొంతు పెరిగింది.

"వేసుకుంటుండానే, రాత్రి" అన్నారాయన. "చుక్క పడితే చేదు గొంతులోకి వస్తాది. గొంతులోకి ఏం దిగినా ఉపవాసం చెడినట్టే గదా."

కంటికీ కడుపుకీ సంబంధమేమిటని ఇంకెవరైనా నవ్వేవారేమో. నేను నవ్వలేదు, ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. కంటి లోపలి కొసలో సన్నటి రంధ్రాలుంటాయి. కన్నీరు వాటిగుండా ముక్కులోకి, ముక్కులోంచి గొంతులోకి దిగుతుంది. ఏడిస్తే ముక్కు కారేది అందుకే. చుక్కల మందు కూడా అదే దారి పడుతుంది. ఈ పట్టుదల కూడా నాకు కొత్త కాదు. మా అమ్మ శనివారం ఒక్కపొద్దు నాడు బీపీ బిళ్ళ మింగేది కాదు, ఎంత పోట్లాడినా వినేది కాదు.

ఇంతకీ ఈ ఉపవాసం దేనికి పట్టారని అడిగాను. "కుడికన్ను కోసం" అన్నారు. పోయిన చూపు తిరిగి రావాలని మొక్కుకున్నారట.

నాకు కోపం, దుఃఖం ఒక్కసారే ముంచుకొచ్చాయి. పోయిన కన్ను రావాలని ఈయన ఉన్న కన్నును పోగొట్టుకుంటున్నాడు. ఆ మాట మొహం మీదే అనేశాను. ఆయన దెబ్బతిన్నట్టు చూశారు. కరుణమ్మ భర్త చెయ్యి పట్టుకుని, "పద పోదాం" అంది. అది నామీద కోపమో ఆయనమీద జాలో తెలియలేదు.

సాయంత్రం డ్యూటీ అయ్యాక వాళ్ళ చర్చి పాస్టరు గారింటికి వెళ్ళాను. ఆయన పెద్దవారు, తాపీ మనిషి. అంతా విని తల పట్టుకున్నారు. "మందు ఆహారం కాదని నేను చెప్తానమ్మా. కాని సుందరరావు నాకంటే ఎక్కువసార్లు బైబిలు చదివినాడు. అందరికీ చెల్లుతాదేమో గాని నా మొక్కు నాదంటాడు. ఆ గొంతులోకి దిగేది ఆపే దారేమన్నా మీ దగ్గరుంటే అది చెప్పండి. అట్టయితే మొక్కుకీ మందుకీ తగవే ఉండదు."

దారి ఉంది. మా శిక్షణలో మొదటి నెలలోనే నేర్పే చిన్న పద్ధతది. చుక్క పడగానే కన్ను మూసుకుని, ముక్కు పక్కన కంటి కొసమీద వేలికొనతో రెండు నిమిషాలు నొక్కిపట్టాలి. రంధ్రాలు మూసుకుపోయి మందు కంట్లోనే నిలుస్తుంది, బాగా పనిచేస్తుంది కూడా. ప్రతి రోగికీ చెప్పాలని మా పుస్తకాల్లో ఉంటుంది. రద్దీలో ఎవరూ చెప్పరు. పాస్టరు గారిని వెంటబెట్టుకుని సుందరరావు గారింటికి వెళ్ళాను. సాయంత్రం ప్రార్థన ముగిసి, ఆయన అప్పుడే గంజి తాగి కూర్చున్నారు.

చుక్క వేసి, ఎక్కడ నొక్కాలో చేత్తో పట్టి చూపించాను. టైలరు వేళ్ళు కదా, ఒక్కసారికే చోటు దొరికింది. వేలు తీసి, నాలుక చప్పరించి, గుటక వేసి చూసుకున్నారు.

"చేదు రాలా" అన్నారు. మళ్ళీ గుటక వేసి, "నిజంగానే రాలా" అన్నారు.

"ఇన్నాళ్ళూ ఈ ముక్క ఎవురూ చెప్పలేదే!" అంది కరుణమ్మ. నావైపు చూడకుండానే అంది గాని, ఆ మాట మా శాఖ మొత్తానికీ తగిలేదే. మర్నాటి నుంచి ఆయన ఉపవాసంలోనే పొద్దుటి చుక్క కూడా వేసుకున్నారు. ఈస్టరు ముందు మళ్ళీ మధ్యాహ్నం పూటే పిలిచి, తిమ్మిరి చుక్కలకూ కంటి కొస నొక్కించి కొలిచాను. ఒత్తిడి దిగింది. కుడికన్ను కోసం ప్రార్థన మాత్రం మానలేదు. నేనూ మానమనలేదు.

ఇది రక్తంలో వచ్చే జబ్బు. తోబుట్టువులకు వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే చాలా ఎక్కువ. ఆయనకు ఇందుకూరుపేట మండలంలో ఇచ్చిన చెల్లెలు ఉంది, పేరు రూతమ్మ. పండక్కి అన్నగారింటికి వచ్చింది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలోనే బల్ల వేసుకుని, నలభై దాటిన అందరికీ ఒత్తిడి కొలవడానికి పాస్టరు గారు ఒప్పుకున్నారు. రూతమ్మ మాత్రం గుంజకు ఆనుకుని నిలబడిపోయింది. "నాకేం లేదులే అన్నా. దూరం కనపడతాది, దగ్గర కనపడతాది" అంది.

"నాకూ ఏం లేదనే అనుకున్న్యా" అన్నారు సుందరరావు గారు. "పోయి బల్లమీద పడుకో."

ఆమెకు ఒత్తిడి ఎక్కువగా ఉంది. నెల్లూరులో నరం చూసి, జబ్బు అప్పుడే మొదలవుతోందన్నారు. పక్కచూపు ఇంకా చెక్కుచెదరలేదు.

ఈ సంగతి జరిగాక నా పనిలో రెండు మార్పులు చేసుకున్నాను. మందు వేసుకుంటున్నారా అని అడగడం మానేసి, సీసా తెచ్చి నా ముందే వేసి చూపించమనేదాన్ని. ఒకే రోగిని ఎప్పుడూ ఒకే వేళకు, ఒకే కాలంలో పిలవడమూ మానేశాను. సుందరరావు గారిని రెండు చుక్కలూ వేసుకునే రోజుల్లోనే కొలుస్తూ వచ్చాను కదా, బాగున్న రోజునే కొలిస్తే బాగున్నట్టే కనపడుతుంది. నీటికాసులు ఉన్న మనిషికి ఉన్నట్టు తెలియదు, అది తెలిసేది పరీక్షలోనే. నలభై దాటినవాళ్ళు, అందులోనూ ఇంట్లో ఒకరికి ఉన్నవాళ్ళు, ఏ బాధా లేకపోయినా కంటి ఒత్తిడీ నరమూ క్రమం తప్పకుండా చూపించుకోవాలి.

నేను రిటైరయ్యే ముందు అన్నాచెల్లెళ్ళిద్దరినీ ఒకే రోజు పరీక్షించాను. సుందరరావు గారి ఎడమకన్ను ఆ ఈస్టరు నాటికి ఎంత మిగిలిందో అంతే ఉంది. ఆయన ఇంకా మిషను తొక్కుతున్నారు గాని, సైకిలు మానేశారు. రూతమ్మ పరీక్ష చేయించుకుని, వచ్చేపోయే లారీల మధ్య నుంచి ఒక్కతే రోడ్డు దాటి బస్సెక్కింది. ఆయన కరుణమ్మ భుజం పట్టుకుని ఇవతలే నిలబడ్డారు. ఇద్దరిదీ ఒకటే జబ్బు, ఒకటే మందు. చెల్లెలు చూపు పోకముందే పరీక్షకు పడుకుంది, అంతే తేడా.