పూటకూళ్ళమ్మ అన్న మాట

బాపట్ల స్టేషను దగ్గర శకుంతల మెస్ నడుపుతుంది. భర్త పోయాక పొయ్యిని నమ్ముకుని నిలదొక్కుకున్న మనిషి. ఆమె గోంగూర పప్పు రుచి మరిగి, పొన్నూరు నుంచి ఉద్యోగానికి వచ్చే గుమాస్తాలు ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకోవడం మానేశారు. రిటైరైన తెలుగు లెక్చరరు బసవేశ్వరరావు అయితే రెండు పూటలా అక్కడే. "చెల్లెమ్మా" అని నోరారా పిలుస్తాడు. సొంత అన్నదమ్ములు గుమ్మం తొక్కని శకుంతలకి ఆ పిలుపంటే ప్రాణం. "అన్నయ్యగారూ" అంటూ ఆయన అడక్కముందే నెయ్యి వేసేది.

ఆయనకి పాత మాటల పిచ్చి.

"నువ్వు మెస్ ఓనరువేంటమ్మా, పూటకూళ్ళమ్మవి! కూడు అంటే అన్నం. పూటకింతని పుచ్చుకుని బాటసారులకి కూడు పెట్టిన తల్లి. పాతకాలం కవులు ఆమె వంటని పద్యాలు కట్టి పొగిడారు" అనేవాడు.

శకుంతల మురిసిపోయి 'పూటకూళ్ళమ్మ ఇల్లు' అని బోర్డే రాయించింది. ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉందని ఆ మహానుభావుడు చెప్పనే లేదు.

తెనాలిలో ఆ మాట మీదే ఆయన ప్రసంగం పెట్టారు. శకుంతల పట్టుచీర కట్టుకుని వెళ్ళి ముందు వరసలో కూర్చుంది. ఆయన పద్యాలు ముగించి నాటకాల్లోకి వచ్చాడు. అక్కడ పూటకూళ్ళమ్మ అంటే మొగుడు పోయిన ఆడది. అన్నంతోపాటు ఇంకేం పెడుతుందోనని ఊరంతా చెవులు కొరుక్కునే మనిషి. సభ గొల్లుమంది.

"మీరు రోజూ భోంచేసేది కూడా పూటకూళ్ళమ్మ ఇంట్లోనేగా మాస్టారూ! పరిశోధన బాగా సాగుతోందా?" అన్నాడు వెనక నుంచి బాపట్లవాడెవడో, ముందు వరసలోని శకుంతలని చూపిస్తూ.

తలలన్నీ శకుంతల వైపు తిరిగాయి. ఆమె ఆయన ముఖంలోకే చూసింది. 'ఆవిడ నా చెల్లెలయ్యా' అంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

బసవేశ్వరరావు కూడా నవ్వాడు.

"పూటపూటా సాగుతోందండి" అన్నాడు. చప్పట్లు మోగాయి.

మర్నాడు మధ్యాహ్నం, సిగ్గన్నది లేకుండా, వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు.

"సభ అదిరిపోయింది కదూ! కాస్త చారు పొయ్యి చెల్లెమ్మా."

"ఆ మాట నిన్న అక్కడ అనలేకపోయారా అండి?"

"ఏ మాటమ్మా?"

నటన కాదు, ఆయనకి నిజంగానే తట్టలేదు. శకుంతలకి కడుపు మండింది, వెనకాలే ఏడుపొచ్చింది. రెండూ మింగింది.

"ఏం లేదులెండి సార్" అని చారు పోసింది.