చెరిపేసిన సూర్యమచ్చలు

పెనుకొండ బడిలో మా సైన్సు సారు ప్రతి ఉదయం డాబా మీద టెలిస్కోపు పెట్టి, తెల్లకాగితం మీద పడిన సూర్యబింబంలోని నల్లమచ్చలను నాచేత గీయించేవారు. చెవి మీది పెన్సిలు తీసి చూపిస్తూ, "శుక్రుడు, భూమి, గురుడు ఒక వరసకొచ్చే కాలానికీ, ఈ మచ్చలు పెరిగి తగ్గే పదకొండేండ్లకూ లెక్క కుదురుతాదమ్మా" అనేవారు. ఆ మాట నమ్మే నేను ఫిజిక్సు చదివి, హిందూపురం కాలేజీలో లెక్చరరునయ్యాను. అదే లెక్కను పాఠంగా కూడా చెప్పాను.

నిరుడు విద్యార్థులకు చూపిద్దామని బడి బీరువాలోని ఆ కాగితాలు తెచ్చుకున్నాను. లెక్కకు సరిపడని నెలల్లో మాత్రమే నేను గీసిన మచ్చలను రబ్బరుతో చెరిపిన గుర్తులున్నాయి. ఆ కాగితాలు తీసుకుని, రిటైరై ధర్మవరంలో ఉంటున్న సారు దగ్గరికి వెళ్ళాను.

"ఈ మచ్చలు ఏమైనాయి సార్?"

"అవి టెలిస్కోపు అద్దం మీది దుమ్మమ్మా."

"దుమ్మయితే సూర్యుడు తిరిగినట్టే రోజూ కొంచెం జరుగుతా బింబం అంచుకు పోతాదా సార్?"

ఆయన కాగితం మీద చెరిపిన చోటును వేలితో తడిమారు. "నువ్వు మళ్ళా తీసి చూస్తావనుకోలేదమ్మా" అన్నారు.

మర్నాడు క్లాసులో ఆ పాఠం తప్పని చెప్పాను. "మీకెవరు నేర్పించినారు మేడమ్?" అని ఒకమ్మాయి అడిగింది. నేను డస్టరు తీసుకుని బోర్డు మీది లెక్కను తుడవసాగాను.