పిన్నిగారి గాజు

చిలకలపూడి పిన్నిగారి చూపు ఎప్పుడూ చేతిలోని పని మీదే, జానెడు దూరం దాటేది కాదు. రోల్డ్‌గోల్డ్ గాజులకు మెరుగు పెట్టడం ఆవిడ పని. ఎత్తంటే హడల్. బందరు నుంచి తిరుపతికి నడిచి వెళ్తూ మేం పులిగడ్డ వంతెన ఎక్కగానే, చేతిగాజు తీసి కళ్ళ దగ్గర పెట్టుకుని, పమిటచెంగుతో రుద్దుతూ నడిచింది. కింద కృష్ణను చూడనే లేదు. కిందికి చూస్తే నాకూ భయమేసింది. ఎండకు కళ్ళు తిరుగుతున్నాయని చెప్పి ఆవిడ భుజం పట్టుకున్నాను.

అలిపిరి మెట్ల దగ్గర ఆ గాజు నా చేతికి తొడిగింది.

“దీన్నే చూసుకుంటూ ఎక్కమ్మా.”

“నాకెందుకండీ? ఆ రోజంటే ఎండ...”

“ఇక్కడ నీడేగా, మరెందుకా వణుకు?”

సగం ఎక్కాక వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ వేళ్ళు ఊరికే చెంగు నలుపుతున్నాయి. కళ్ళు మాత్రం నా చేతి గాజు మీదే ఉన్నాయి.

భయపడుతూనే, కొండ చేరేదాకా ఆ చేతిని ఆవిడకు కనిపించేలా వెనక్కి పెట్టుకుని ఎక్కాను.