చెంబెడు సముద్రపు నీళ్లు

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగితే దిగదు, కక్కితే రాదు. నోటితో చెప్పలేనిది రాసైనా చెప్పగలనేమోనని కూర్చున్నాను. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి, యాభై దాటాక. నేర్పిందెవరో చెబితే నా మనసు బరువెంతో మీకు తెలుస్తుంది.

మస్తాన్‌బీ. జగ్గయ్యపేటలో ఆమె భర్త ఆటో నడుపుతాడు. నాది నందిగామ. ఏటా మాఘమాసంలో మా వైపు ఆడవాళ్లు, కృష్ణా నది సముద్రంలో కలిసే చోటికి బస్సుల్లో స్నానాలకు వెళ్తారు. వాళ్లను చూసుకునే వాలంటీర్లలో మేమిద్దరం ఉండేవాళ్లం. బస్సులో పక్కపక్కనే కూర్చుని, దారిలో ఊళ్ల బోర్డులు చూపించి నాతో చదివించేది. తప్పు చదివితే నవ్వేది కానీ, నాకు చదువు రాదన్న సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్లు ముందు ఆ స్నానాల జనం కంటనే పడుతున్నాయని, వాటిని ఎలా కాపాడాలో మాకు ముక్త్యాల రేవులో ఒక మాస్టారు నేర్పారు. నీళ్లు నింపిన రబ్బరు డాల్ఫిన్‌ను దుప్పటి మీదకు దొర్లించి, తలా ఒక కొస పట్టుకుని నదిలోకి మోసేవాళ్లం. అంత మర్యాదగా మోస్తున్నామని మస్తాన్‌బీ దానికి కొత్తల్లుడు అని పేరు పెట్టింది. తోక పట్టి లాగకూడదు. ఒళ్లు తడి ఆరనివ్వకూడదు. నెత్తిమీద ఊపిరి రంధ్రంలో మాత్రం చుక్క నీరు పడకూడదు. మాస్టారు పదేపదే చెప్పింది అదొక్కటే.

ఆ ఏడు స్నానాలనాడు నిజంగానే ఒకటి ఇసుకలో పడి ఉంది. తల దగ్గర మస్తాన్‌బీని పెట్టారు. జనం మీద పడుతుంటే, వాళ్లను ఆపమని ఆమెను నేనే పంపాను, తల నేను చూసుకుంటానన్నాను. దాని కన్ను నావైపే ఉంది. ఏమనుకున్నానో తెలుసా? మత్స్యావతారం నా ముందుకొచ్చింది అనుకున్నాను. మా అమ్మాయికి రెండుసార్లు కడుపు నిలవలేదు. ఒళ్లు తడపడానికి తెచ్చిన చెంబు చేతిలో ఉంది. దేవుడికి పోసినట్టు దాని నెత్తిన నీళ్లు పోసి, మొక్కుకున్నాను. అంత నేర్చుకున్న చెయ్యి ఆ క్షణాన ఎక్కడికి పోయింది?

అది గిలగిల కొట్టుకుంది. రంధ్రంలోంచి నురగ వచ్చింది. మస్తాన్‌బీ పరుగున వచ్చింది. ఖాళీ చెంబు చూసింది, నన్ను చూసింది. కాసేపటికి అది కదలడం మానేసింది.

మాస్టారు వచ్చి అడిగారు. "తల దగ్గర ఎవరున్నారు?"

అందరూ మస్తాన్‌బీ వైపు తిరిగారు. ఆమె నాకేసి తిరిగింది.

"అక్కా, నువ్వు చెప్పక్కా."

"నేను దుప్పటి తడపడానికి వెళ్లానండి. నాకు తెలీదు," అన్నాను మాస్టారుతో.

ఆమె తల దించుకుని దుప్పటి మడవసాగింది. గుంపులోంచి ఎవరో, దేవుడి విలువ వాళ్లకేం తెలుస్తుందన్నారు. ఆ మాట కూడా విని ఊరుకున్నాను. తిరుగు ప్రయాణంలో ఆమె వెనక సీట్లో కూర్చుంది. నా పక్క సీటు ఖాళీగానే నందిగామ చేరింది. తర్వాత ఆమెను శిక్షణకు పిలవలేదు.

నీళ్లు పోయకపోయినా అది బతికేది కాదేమో. ఆ మాట పట్టుకుని చాలాకాలం ఊగులాడాను. కానీ నేను చంపానన్న దిగులు కాదు ఇది. నమ్మి నావైపు తిరిగిన మనిషిని పది మందిలో వదిలేశాను. పైగా ఒక్కోసారి ఆమె మీదే కోపం వచ్చేది. చెంబు చూసింది కదా, ఎందుకు చెప్పలేదు? చెప్పి ఉంటే నేను అప్పుడే తేలికపడేదాన్ని కదా? ద్రోహం చేసినదాన్ని నేను, అలిగిందీ నేనే.

తర్వాత అమ్మాయికి పాప పుట్టింది. పాపను ఎత్తుకున్నప్పుడల్లా ఆ కన్ను గుర్తొస్తుంది.

ఇప్పుడు కొత్తవాళ్లకు నేర్పేది నేనే. మొన్న రేవులో రబ్బరు డాల్ఫిన్ తల దగ్గర నిలబడి, ఇక్కడ నీళ్లు పోయొద్దని చెప్పాను. అలా ఎవరైనా పోశారా అని ఒకామె అడిగింది. ఏటా చెప్పే జవాబే నోటికొచ్చింది. "ఒకామె పోసిందమ్మా."

ఇంటికొచ్చి అన్నం పక్కన పెట్టి కాగితం ముందేసుకున్నాను. మస్తాన్‌బీ గడప తొక్కే ధైర్యం నాకింకా లేదు. ఈ కాగితం మీద మాత్రం అబద్ధం రాయలేను, ఈ అక్షరాలు ఆమెవి.

ఆ ఒకామె నేనే.